క్లెయిమ్ డెస్క్‌లో చేరేముందు జీతం ఇలా చూసుకోండి

నల్లగొండలోనో పాలమూరులోనో డిగ్రీ అయిపోయి, ప్రైవేటు హాస్పిటల్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో క్లెయిమ్ క్లర్కుగా పిలుపొచ్చిందా? ముందు అడగాల్సింది జీతమెంత అని కాదు, ఇచ్చేదెవరు అని. హాస్పిటలా, టీపీఏనా (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ), మధ్యలో ఏజెన్సీనా? రేపు పీఎఫ్ గొడవొస్తే ముందు ఆఫర్ లెటర్‌లో పేరున్నవాళ్లనే పట్టుకోవాలి. (ప్రభుత్వ ఆరోగ్యశ్రీ పథకంలోని ఆరోగ్యమిత్ర పోస్టు వేరు, ఇది వేరు, కలిపేసుకోకండి.)

తర్వాత చేతికొచ్చేది లెక్కేయండి. బేసిక్‌లో 12 శాతం పీఎఫ్‌కి పోతుంది, నెల జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐకి (ఉద్యోగుల వైద్య బీమాకి) 0.75 శాతం. కొందరు యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటాని కూడా సీటీసీలో (మన మీద కంపెనీకయ్యే మొత్తం ఖర్చులో) కలిపి పెద్ద అంకె చూపిస్తారు, నేనూ మొదట్లో అక్కడే బోల్తాపడ్డా. చేరాక యూఏఎన్ (మన పీఎఫ్ గుర్తింపు) నంబరు తీసుకుని, పీఎఫ్ పాస్‌బుక్‌లో డబ్బు పడుతోందో లేదో నెలనెలా చూడండి.

ఇక డ్యూటీ టైం. క్యాష్‌లెస్ అడ్మిషన్‌కి గంటలో, డిశ్చార్జికి 3 గంటల్లో బీమా కంపెనీ తేల్చాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పింది, ఆ టెన్షనంతా కాగితాలు పంపే మన మీదే. నేను చూసిన డెస్కుల్లో ఆడపిల్లలే ఎక్కువ, అందుకే రాత్రి షిఫ్టుంటే దేవరకొండ వైపు బస్సు దొరుకుతుందా, లేక వాళ్లే బండి పెడతారా అన్నది చేరకముందే తేల్చుకోండి.