వడ్ల సీజన్‌లో ఆగిపోయిన సర్వర్: వర్క్ మెమ్ సరిచేసిన నా అనుభవం

మిర్యాలగూడలో నేను చూసే రైస్ మిల్లు లెక్కల సర్వర్, కాంటా ముందు వడ్ల లారీలు బారులు తీరే రోజుల్లోనే పదే పదే ఆగిపోయేది. 8 జీబీ ర్యామ్ నిండగానే లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ప్రాసెస్‌ను చంపివేస్తున్నట్లు లాగ్‌లో కనిపించింది.

నివేదికలు త్వరగా రావాలని వర్క్ మెమ్‌ను, అంటే సార్టింగు (డేటాను వరుసలో పెట్టడం) వంటి పనులకు పోస్ట్‌గ్రెస్ వాడుకోగల మెమరీ పరిమితిని, 256 ఎంబీకి పెంచింది నేనే. ఆ పరిమితి సర్వర్ మొత్తానికి కాదు, కనెక్షన్‌కు కూడా కాదు. క్వెరీలోని ప్రతి సార్టింగుకూ విడిగా వర్తిస్తుంది కనుక, 20 నివేదికలు ఒకేసారి నడిస్తే, ఒక్కో సార్టింగు చొప్పున లెక్కించినా, 5 జీబీ వరకు పోతుంది.

వర్క్ మెమ్‌ను 8 ఎంబీకి తగ్గించి, నెలవారీ నివేదిక సెషన్‌కు మాత్రమే 128 ఎంబీ ఇచ్చాను. కనెక్షన్లన్నీ కలిసి వాడుకునే డేటా మెమరీ అయిన షేర్డ్ బఫర్స్‌ను ర్యామ్‌లో నాలుగో వంతుకు, అంటే 2 జీబీకి తెచ్చాను. దీనికి రీస్టార్ట్ తప్పదు కాబట్టి, మిల్లు గేటు మూసిన తర్వాతే చేశాను. చివరి లారీ వరకు సర్వర్ మళ్లీ ఆగలేదు.