తుఫాను పనికి సెకండ్ హ్యాండ్ బండి: ముందు ఛాసీ, తరువాతే ఇంజిన్

ఊళ్లో కుర్రాళ్లు చందాలు వేసుకుని తుఫాను సాయానికి బండి కొనాలనుకుంటే ముందు కంపెనీ పేర్లు కాదు, తూకం లెక్క రాసుకోవాలి. 500 లీటర్ల ట్యాంకులో నీళ్లే 500 కిలోలు. ట్యాంకు, స్టాండు కలిపి 40, జనరేటర్ 45, నీటి పంపు 30, చెట్లు కోసే మిషను, పెట్రోలు క్యాన్లు 25, మోకులు, లైఫ్ జాకెట్లు, గడ్డపారలు, గొడ్డళ్లు 60. మొత్తం 700. టన్ను మోసే పికప్ చాలుననిపిస్తుంది గానీ, మనిషికి 65 చొప్పున అయిదుగురు ఎక్కితే 1,025 అయింది. ఆర్సీలో నిండు బరువు, ఖాళీ బరువు రెండూ రాసి ఉంటాయి. ఆ రెంటి తేడాలోనే మనుషులూ సర్దుకోవాలి. కాబట్టి ట్యాంకును 300 లీటర్లకు తగ్గించండి. దాన్ని నిండుగా పెట్టండి, లేదంటే ఖాళీగా ఉంచండి. సగం నీళ్లుంటే మలుపులో ఒక పక్కకు కొట్టి బండిని లాగేస్తాయి.

డబుల్ క్యాబిన్ బండే తీసుకోవాలి, అంటే డ్రైవరు వెనక ఇంకో వరస సీట్లున్నది. బొలెరో క్యాంపర్, టాటా యోధా క్రూ క్యాబ్ ఈ కోవలోవి. వెనక సరుకు తొట్టి పొట్టిదవుతుంది, నిజమే. కానీ సింగిల్ క్యాబిన్ కొంటే కుర్రాళ్లు తొట్టిలో ఎక్కక మానరు. గూడ్స్ బండి తొట్టిలో మనుషులుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర చిక్కులే. లోతట్టు కాలనీని ఖాళీ చేయించడానికి ఆటోలు, స్కూలు బస్సులు మాట్లాడుకోండి. ఈ బండి పని అది కాదు.

ఫోర్ వీల్ డ్రైవ్ అని ఆశపడేవాళ్లు ఎక్కువ. మామూలు పికప్‌కి ఖాళీగా ఉన్నప్పుడు వెనక బరువుండదు, బురదలో చక్రం ఊరికే తిరుగుతుంది. వెనక ఇరుసు మీదుగా 100 నుంచి 150 కిలోల ఇసుక బస్తాలు వేస్తే చాలావరకు పట్టు దొరుకుతుంది. అంత బరువూ పైన వేసుకున్న లెక్కలో కలపాలి, లేదా ట్యాంకు దించేయాలి. సముద్రపు ఒడ్డు ఇసుకలో టైరు గాలి 18-20 పీఎస్ఐకి దించి నడిపి, రోడ్డెక్కగానే మళ్లీ కొట్టించండి. నల్లరేగట్లో దిగబడితే మాత్రం ఫోర్ వీలైనా ఒకటే, ట్రాక్టరే దిక్కు. ఫోర్ వీల్‌కి అదనంగా పెట్టే డబ్బుతో మంచి టైర్లు కొని, ఊళ్లో ఇద్దరు ట్రాక్టరువాళ్ల నంబర్లు దగ్గర పెట్టుకోవడం తెలివైన పని.

ఇక అసలు సంగతి. కావలి, అల్లూరు, కొత్తపట్నం వైపు అమ్మకానికొచ్చే పికప్‌లలో రొయ్యలు, చేపలు, ఐసు మోసినవి తరచూ తగులుతాయి. ఉప్పునీళ్లు తొట్టి సందుల్లోంచి కారి ఛాసీ, అంటే బండినంతా మోసే అడుగు ఇనుప చట్రం లోపలికి చేరతాయి. పైకి రంగు బాగుంటుంది, లోపలినుంచి తుప్పు తినేస్తుంది. బండిని ర్యాంపు ఎక్కించి చిన్న సుత్తితో ఛాసీ పొడవునా తట్టండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే, పొలుసులు రాలితే వదిలేయండి. వెనక కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీల) బ్రాకెట్లు, క్యాబిన్ కూర్చునే చోట్లు, అడ్డ మెంబర్ల అతుకులు ముఖ్యం. మొన్ననే అడుగున నల్లరంగు కొట్టించారంటే దేన్నో దాచారని అనుమానించాలి. చీమకుర్తి వైపు రాళ్లు మోసిన బళ్ల జబ్బు వేరు. అక్కడ తుప్పు కాదు, ఓవర్‌లోడు. విరిగిన కట్టలు, వెల్డింగు అతుకులు, ఒక పక్కకు ఒరిగిన తొట్టి చూడండి. ఇంజిన్ ఎంత చెడినా షెడ్డులో బాగుచేయించవచ్చు. పుచ్చిన ఛాసీకి అతుకు వేయిస్తే ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) దగ్గరా ఇబ్బందే, వాగులోనూ ఇబ్బందే.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే సెల్ఫ్ కొట్టి చూడాలి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లండి. నీలిపొగ వస్తే ఆయిల్ తాగుతోందని. ఆయిల్ మూత తీసినప్పుడు గుప్పుగుప్పుమని ఆవిరి తంతుంటే పిస్టన్ రింగులు అరిగినట్టు. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్6 (కొత్త పొగ నియమాల) డీజిల్ బళ్లలో చాలావాటికి పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి పట్టే జల్లెడ ఉంటుంది. నిలబెట్టి గంటలు గంటలు ఇంజిన్ తిప్పితే అది పూడుకుపోతుంది. కదలకుండా ఉండే రోజులే ఎక్కువైన మన పనికి, పాతదైనా గట్టి బీఎస్4 (అంతకు ముందరి నియమాల) బండి మేలు. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే గీతలున్నా మార్చాలి.

గాలి పీల్చే గొట్టం ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అంతకంటే చాలా కింద తలుపు మీద ఒక గీత గీయండి. నిలవ నీళ్లైనా ఆ గీత దాటొద్దు. చప్టా మీద పారే నీళ్ల సంగతి వేరు: రెండడుగుల ప్రవాహం పెద్ద బండినైనా తోసేస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు పక్క పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది, మన పికప్ ఎంత? నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండరులోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బయటకు లాగి ఫిల్టరు విప్పి చూడాలి. మర్నాడు గేర్‌బాక్స్, వెనక ఇరుసు హౌసింగ్ ఆయిల్ చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే మార్చాలి.

కాగితాల్లో పేరు మార్పు ఫారాలు 29, 30 అమ్మేవాడి సంతకాలతో, ఫైనాన్స్ ఉంటే అది తీరిందనే ఫారం 35 ఫైనాన్స్ కంపెనీ సంతకంతో కూడా చేతికొచ్చాకే బాకీ తీర్చండి. గూడ్స్ బళ్లకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఎఫ్‌సీ, ఆ గడువు తుఫాన్లొచ్చే అక్టోబరులో పడకుండా ఆగస్టులోనే చేయించుకోండి. రవాణా శాఖ అనుమతి లేకుండా నీలం లైటు, సైరను పెట్టొద్దు. డబ్బులో నాలుగో వంతు టైర్లకు, బ్యాటరీకి, ఆయిళ్లకు, ఇన్సూరెన్సుకు పక్కన పెట్టుకున్నాకే బేరమాడండి.

కొన్నాక వారానికోసారి 20 కిలోమీటర్లు తిప్పాలి. ఆగి ఉన్న బండికి ముందు చచ్చేది బ్యాటరీ. తుఫాను కబురు వినగానే డీజిలు నిండుగా కొట్టించండి, కరెంటు పోతే బంకుల దగ్గర క్యూలు మామూలే. తాళాలు రెండు, వేరు వేరు వీధుల్లో ఇద్దరి దగ్గర ఉండాలి.