ఆయుధాల కాలిబర్‌ను తప్పు లేకుండా చదవడం, రాయడం ఎలా?

కాలిబర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వ్యాసం. ఇంత చిన్న విషయాన్ని వార్తల్లో, వ్యాసాల్లో, పరీక్షల గైడ్లలో ఇన్ని రకాలుగా పాడుచేయడం చూసి చూసి విసుగెత్తి ఇది రాస్తున్నాను. కావలసినవి రెండే: తయారీదారు ఇచ్చిన వివరాల పత్రం, ఒక కాలిక్యులేటర్.

1. కొలమానం చూడండి

అంకెకు ముందు చుక్క ఉంటే అది అంగుళాల లెక్క. 25.4తో గుణించండి. .50 అంటే 12.7 మి.మీ., .303 అంటే 7.7 మి.మీ. ‘.303 మి.మీ. తూటా’ అని రాసేవారు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేని తూటా ఎక్కడైనా ఉంటుందా?

పేరును మాత్రం మార్చకండి. పేరు ముందు, కొలత తర్వాత. ఎందుకంటే పేరులోని అంకె ఒక్కోసారి అసలు కొలత కాదు. .38 స్పెషల్ తూటా వ్యాసం .357 అంగుళాలే. 106 మి.మీ. ఎం40 రీకాయిల్‌లెస్ గన్ (పేల్చినప్పుడు వెనక్కి తన్నని ఫిరంగి) గొట్టం నిజానికి 105 మి.మీ.; అంతకుముందు వచ్చిన 105 మి.మీ. ఎం27 గుండ్లతో దీని గుండ్లు కలిసిపోకూడదని ఆ పేరు పెట్టారు.

2. రెండో అంకెను వదిలేయకండి

7.62×39లో 39 అనేది తూటా తొడుగు పొడవు, మిల్లీమీటర్లలో. ఏకే-47 వాడేది దీన్నే. 7.62×51 నాటో తూటా దానిలో పనికిరాదు. ఉత్త ‘7.62 తుపాకీ’ అని రాస్తే సగమే చెప్పినట్టు.

3. గీత తర్వాతి అంకె: అందరూ బోల్తా పడేది ఇక్కడే

ఫిరంగుల దగ్గర 155 మి.మీ./52 కాలిబర్ అని కనిపిస్తుంది. దీన్ని ‘52 కాలిబర్ గుండ్లు పేల్చే ఫిరంగి’ అని రాసినవారున్నారు, ‘52 మి.మీ.’ అని దిద్దినవారూ ఉన్నారు. రెండూ తప్పే. ఇక్కడ కాలిబర్ వ్యాసం కాదు, పొడవుకు కొలబద్ద. గొట్టం పొడవు దాని లోపలి వ్యాసానికి 52 రెట్లు అని అర్థం.

అందుకే నేను చెప్పేది ఒక్కటే: రాసే ముందు గుణించి చూడాలి. 155ను 52తో గుణిస్తే 8,060 మి.మీ., అంటే సుమారు 8 మీటర్లు. కె9 ఫిరంగి గొట్టం అంత ఉంటుంది. ఎం777ది 39 కాలిబర్లు, కాబట్టి సుమారు 6 మీటర్లు. రెండూ పేల్చేవి 155 మి.మీ. గుండ్లనే. అయోవా తరగతి యుద్ధనౌకల 16 అంగుళాల/50 ఫిరంగికీ ఇదే లెక్క: 800 అంగుళాలు, అంటే 20 మీటర్ల పైమాటే. వచ్చిన జవాబు ఫొటోలోని గొట్టానికి సరిపోయేలా ఉంటే మీరు సరిగ్గా చదివినట్టే. గొట్టం కొసన బిగించే మజిల్ బ్రేక్‌ను మాత్రం ఇందులో కలపకండి.

కొందరు గుణకారం మానేసి, ‘పెద్ద కాలిబర్ కాబట్టి ఎక్కువ దూరం’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ పద్ధతి నాకు బొత్తిగా నచ్చదు. గొట్టం పొడవుగా ఉంటే పేలుడు మందు వాయువులు గుండును ఎక్కువసేపు నెడతాయి, వేగం పెరుగుతుంది, నిజమే. కానీ నాటో ప్రమాణంలో 52 కాలిబర్ల ఫిరంగికి ఆ మందు నింపే గది కూడా పెద్దదే: 39 కాలిబర్లకు 18 లీటర్లయితే దీనికి 23. పైగా ఏ గుండు వాడారన్నదాన్ని బట్టి దూరం మారిపోతుంది. కాబట్టి దూరం రాస్తే గుండు రకం రాయాల్సిందే.

వాక్యంలో మొదటిసారి వచ్చినప్పుడు ‘155 మి.మీ. ఫిరంగి, గొట్టం పొడవు 52 కాలిబర్లు’ అని విడమరచి రాయండి. గీత పెట్టి వదిలేయకూడదు.

4. గేజ్, పౌండర్

ఇవి కాలిబర్లు కావు. 12 గేజ్ షాట్‌గన్ అంటే ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పౌండుకు 12 తూగుతాయని. అందుకే 20 గేజ్ గొట్టం 12 గేజ్ కంటే సన్నం. .410 షాట్‌గన్‌ది మాత్రం గేజ్ కాదు, అంగుళాల కొలతే. ఇక 25 పౌండర్‌లో 25 అనేది గుండు బరువు, పౌండ్లలో. గొట్టం వ్యాసం 87.6 మి.మీ.