చిన్న తరగతుల్లో పిల్లలు ఒకరినొకరు దూరం పెడుతుంటే: సమస్య, కారణం, పరిష్కారం

ఒకటి, రెండు తరగతుల పిల్లలు ఎవరినైనా వేరుగా పెడుతుంటే, "అందరూ కలిసిమెలిసి ఉండాలి" అని చెప్పి వదిలేస్తాం. ఆరేళ్ళ వయసులో ఆ మాట ఎక్కదు. పెద్దవాళ్ళు ఎవరిని ఎలా చూస్తున్నారో అది మాత్రం ఇట్టే పట్టేస్తారు. అందుకే పిల్లల్ని మందలించే ముందు మన క్లాసు గదిని, మన అలవాట్లని ఒకసారి చూసుకోవాలి. మన ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తరచుగా కనిపించేవి ఇవి.

సమస్య: మధ్యాహ్న భోజనం దగ్గర ఒక వాడ పిల్లలు ఒక మూల, మిగతావాళ్ళు ఇంకో మూల. ఒకరిద్దరు బడి అన్నం ముట్టరు, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటారు.

కారణం: "వాళ్ళ పక్కన తినొద్దు" అని ఇంట్లో ఎవరో చెప్పి ఉంటారు. బడిలో దానికి ఊతం దొరుకుతోందా అన్నది మనం చూడాల్సిన విషయం. ఒకే వీధి పిల్లల్ని ఒకే వరుసలో కూర్చోబెడతాం. గది ఊడ్చే పని ఎప్పుడూ ఆ నలుగురికే చెబుతాం. స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చిన రోజు "ఎస్సీలు, ఎస్టీలు లేవండి" అంటాం. ఈ చివరిది ఒక్కసారి జరిగినా చాలు, కులం ఊసే తెలియని పిల్లాడికి కూడా ఎవరు ఎవరో తెలిసిపోతుంది.

పరిష్కారం: ప్రార్థన అయ్యాక రంగు చీటీలు తీయించండి. ఒకే రంగు వచ్చినవాళ్ళు ఆ పూట ఒక వరుస, భోజనమూ ఆ వరుసలోనే. రోజూ మార్చండి. గుడ్లు పంచే పని, గది ఊడ్చే పని, రెండూ హాజరుపట్టీ క్రమంలో అందరికీ రావాలి. మీరూ పళ్ళెం పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చోండి. వంట చేసే అక్కని "పప్పు బాగా కుదిరిందక్కా" అని పిల్లల ముందే పలకరించండి. అన్నిటికంటే ఇదే బాగా పనిచేస్తుంది. డబ్బా తెచ్చుకున్న పిల్లాణ్ణి నిలదీయొద్దు, అది వాడి చేతిలో లేదు. తల్లిదండ్రుల్ని విడిగా పిలిచి మాట్లాడండి. వంటమనిషిని మార్చమంటే ఒప్పుకోవద్దు. వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. ఈ మాట మర్యాదగానే చెప్పండి, కానీ నసగకుండా చెప్పండి. స్కాలర్‌షిప్ కాగితాలు కవర్లో పెట్టి ఇంటికి పంపితే సరిపోతుంది.

సమస్య: తండా నుంచో గూడెం నుంచో వచ్చిన పాప క్లాసులో నోరు విప్పదు. మాట్లాడితే పక్కవాళ్ళు నవ్వుతారు.

కారణం: ఇంట్లో లంబాడీ, కోయ, గోండి. బడిలో తెలుగు, పైగా ఇంగ్లీషు మీడియం పుస్తకాలు. పాపకి అర్థం కావడం లేదు, మనం మాత్రం మొద్దు అనుకుంటాం.

పరిష్కారం: రోజూ బోర్డు మీద ఒక బొమ్మ గీయండి, కోడో, కుండో, చెట్టో. దాని పేరు పాప తన భాషలో చెప్పాలి, క్లాసంతా పలకాలి, మీరు కూడా. మీరు తప్పు పలికితే పాప సరిచేయాలి. నవ్వినవాళ్ళకే ఆ మాట పలకడం కష్టమవుతుంటే వెక్కిరింత దానంతటదే తగ్గుతుంది. తొలి నెలల్లో జవాబు ఏ భాషలో చెప్పినా తీసుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టినప్పుడు వాచకాలు తయారయ్యాయి. పాత బీరువాల్లో దొరికితే బయటకు తీయండి.

సమస్య: "నల్లోడా", "సోడాబుడ్డీ" అని పిలుపులు.

కారణం: ఆగస్టు 15న భారతమాత వేషం ఏటా ఎవరికి వేస్తున్నామో గుర్తు చేసుకోండి. తెల్లగా ఉన్న పాపకే కదా!

పరిష్కారం: ఈసారి చీటీ వేసి వేషం ఇవ్వండి. బలవంతంగా "సారీ" చెప్పించడం వల్ల ఒరిగేదేమీ లేదు. పేరు పెట్టి పిలవడం అలవాటు చేయండి, మీతో సహా. పిల్లల్ని మానసికంగా వేధించకూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అది మన నోటికీ వర్తిస్తుంది.

సమస్య: ఒక పిల్లాణ్ణి ఆటలోకి ఎవరూ రానివ్వరు. పిలిచినా పలకడు.

కారణం: పరిగెత్తలేకపోవచ్చు, సరిగా వినపడకపోవచ్చు. వినపడని పిల్లలకి అల్లరివాడు, పొగరు అని పేరు పడిపోతుంది.

పరిష్కారం: ఆటనే మార్చండి. "వీరి వీరి గుమ్మడిపండు" కూర్చునే ఆడొచ్చు, పైగా అందరి పేర్లూ అందరికీ నోటికొస్తాయి. అనుమానం ఉంటే బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) వైద్య బృందానికి చూపించండి, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రానికి చెప్పండి. ముందు వరుసలో కూర్చోబెట్టి, బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లాడి ముఖం చూస్తూ మాట్లాడండి. వినికిడి యంత్రం ఉంటే, బ్యాటరీ అయిపోయిందని చిన్నపిల్లలు చెప్పరు. రోజూ హాజరు వేసేటప్పుడే అది పనిచేస్తోందో లేదో చూడండి.