దూది పరుపు ఏకించి కుట్టించుకోవడం ఎలా?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు, వేలు పోసి కొన్న స్పాంజి పరుపు మీద చెమటకు నిద్ర పట్టక కింద చాప వేసుకునే ఇళ్ళు మన వరంగల్‌లో ఎన్నో. ఎనుమాముల మార్కెట్‌కు లారీల కొద్దీ పత్తి వచ్చే ఊళ్ళో ఉండి మనకెందుకీ తిప్పలు? దూది చెమటను పీలుస్తుంది, ఎండలో వేస్తే ఆరిపోతుంది, గడ్డ కడితే మళ్ళీ ఏకించుకోవచ్చు, అంటే పోగులు విడదీయించుకోవచ్చు. స్పాంజికి గుంత పడితే పారేయడమే.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు పరుపుకు 10 కిలోల దూది పెట్టండి. పాత దూది ఏకిస్తే దుమ్ము, పొట్టి పోగులు పోయి తూకం తగ్గుతుంది కాబట్టి 2 కిలోలు కొత్తది కలపాలి. మందపాటి నూలు గుడ్డ, పొడవాటి దబ్బనం, గట్టి దారం చాలు.

కొత్త దూదిని చూసి కొనకండి, కాల్చి చూసి కొనండి. చిటికెడు అంటిస్తే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద కావాలి. కరిగి గట్టి పూసలా మిగిలితే అందులో పాలిస్టర్ కలిసినట్టే.

పాత దూదిని రెండు రోజులు డాబా మీద ఎండబెట్టి ఏకించండి. వానాకాలంలో వద్దు, చెమ్మ పట్టిన దూది విడదు.

ఇక అందరూ చెడగొట్టేది దూది నింపి టాకాలు (పరుపును పైనుంచి కిందికి గుచ్చి వేసే కుట్లు) వేసే దగ్గరే. కుట్టేవాళ్ళకు అప్పజెప్పి బజారుకు పోకండి, పక్కనే కూర్చోండి. దూదిని గుప్పిళ్ళతో కుక్కితే ఆ ముద్దలు ఏళ్ళ తరబడి వీపుకు తగులుతూనే ఉంటాయి. నూలు గుడ్డ గవుసు మూడు పక్కలా కుట్టి, దూదిని పలచని పొరలుగా పరచాలి. ఒక్కో పొర పరిచాక కర్రతో మెల్లగా కొట్టాలి. నడుము, తుంటి ఆనే నడిమి భాగంలో ఒక పొర ఎక్కువ వేయాలి, బరువంతా పడేది అక్కడే.

టాకాలు నడిమి నుంచి అంచులకు వేయాలి. అంచు నుంచి మొదలుపెడితే దూదంతా మధ్యకు తోసుకొచ్చి దిబ్బ అవుతుంది. జానెడుకో టాకా. దబ్బనం నిట్టనిలువుగా దిగాలి, ఏటవాలుగా దిగితే పై గుడ్డ ఒకవైపు, కింది గుడ్డ ఒకవైపు లాగి పరుపు మెలిక పడుతుంది. దారం మరీ బిగిస్తే గుంతలు, వదులైతే నెల తిరక్కుండా దూది పక్కలకు జారుతుంది. ముడి పడ్డాక టాకా కింద చిటికెన వేలు కొస దూరాలి, వేలంతా దూరకూడదు. నాలుగో టాకాకే ఇది సరిచూసుకోండి, అన్నీ వేశాక విప్పమంటే ఎవరూ విప్పరు.

అయ్యాక వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెట్టండి. కాస్త కష్టంగా దూరితే సరిగ్గా ఉన్నట్టు. సులువుగా దూరితే పరుపు గట్టి, అసలే దూరకపోతే నడుము దిగిపోతోంది. దిగిపోతుంటే ముందు మంచం నవారు చూడండి. అది వదులైతే ఎంత మంచి పరుపైనా దండగే.

పరుపు మీద పాలిస్టర్ దుప్పటి పరిస్తే చేసిందంతా వృథా. నూలుదే వేయండి. కొత్తవాడలో నేసే జంపఖానా అయితే ఇంకా మేలు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. నెలకోసారి పరుపును ఎండలో వేసి, తల వైపు కాళ్ళ వైపుకు మార్చండి.

గది సంగతీ చూడాలి. నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కొంచెం తగ్గాలి. స్లాబు పగలంతా పట్టిన వేడిని రాత్రి కిందికి వదులుతుంటే అదెట్లా తగ్గుతుంది? మార్చిలోనే డాబా మీద తెల్ల సున్నం వేయించండి. రాష్ట్ర ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ (చల్లని పైకప్పు) విధానం తెచ్చింది కూడా ఇందుకే. కూలర్‌ను కిటికీకి పెట్టి, ఎదుటి కిటికీ లేదా తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి. తలుపులన్నీ మూస్తే చెమ్మ గదిలోనే నిలిచి ఒళ్ళు జిగటగా అవుతుంది, పరుపు కూడా మెత్తబడుతుంది.