"బిఫోర్ ద డెవిల్ నోస్ యూ ఆర్ డెడ్" ఎలా చూడాలంటే

2007లో వచ్చిన ఈ సినిమా హాలీవుడ్ దర్శకుడు సిడ్నీ లూమెట్ తీసినవాటిలో ఆఖరిది, రావాల్సినంత పేరు రాలేదనే నా బాధ, అందుకే చెప్తున్నా. ముందు ట్రైలర్ జోలికి వెళ్ళకండి. కథ ఇంత తెలిస్తే చాలు, డబ్బులకి కటకటలాడుతున్న అన్నదమ్ములిద్దరు సొంత అమ్మానాన్నల నగల షాపునే దోచేద్దామనుకుంటారు, ఇన్సూరెన్స్ వస్తుంది కదా ఎవరికీ నష్టం లేదులే అని.

ఫోన్ పక్కన పడేయండి, ఎందుకంటే కథ ముందుకీ వెనక్కీ తిరుగుతుంటుంది, ఇది ఎవరి వైపు నుంచి, దోపిడీకి ఎన్ని రోజుల ముందు అనేది తెర మీద వేస్తారు, అది మిస్సయితే తికమకే. చూసిన సీనే మళ్ళీ వస్తే స్కిప్ చెయ్యొద్దు, రెండోసారి ఇంకొకరి బాధ కనిపిస్తుంది.

అన్నగా ఫిలిప్ సీమోర్ హాఫ్‌మన్‌ని బాగా గమనించండి. కార్లో భార్య పక్కనుండగా తండ్రి గురించి ఏడ్చే సీను, తర్వాత ఇంట్లో ఒక్క అరుపు కూడా లేకుండా గిన్నెలోని రాళ్ళు మెల్లగా గాజు టేబుల్ మీద ఒంపేసే సీను, నాకైతే గొంతు పట్టేసింది. చివర్లో తండ్రి ఆల్బర్ట్ ఫిన్నీ మొహం మీంచి చూపు తిప్పకండి.

పిల్లలతో మాత్రం చూడొద్దు, మొదటి సీనే పెద్దలది.