జ్వరం తగ్గాక మా చిన్నోడి నోటి వాసన

హన్మకొండలో ఈ వానాకాలం జలుబు, జ్వరం ఇంటింటికీ తిరిగాయి. మా నాలుగేళ్ల చిన్నోడినీ వదల్లేదు. జ్వరం పోయింది, ఆకలి వచ్చింది, కానీ పక్కలో పడుకుంటే నోటి నుంచి ఒకటే వాసన. అత్తమ్మ "కడుపులో వేడి చేసింది" అని బార్లీ నీళ్లు తాగించింది. మంచిదే, ఆ పేరుతో నీళ్లన్నా లోపలికి పోయాయి.

టార్చి వేసి చూస్తే నాలుక వెనక భాగమంతా తెల్లటి పాచి. ముక్కు మూసుకుపోయి రాత్రంతా నోటితోనే ఊపిరి తీస్తున్నాడు, దాంతో నోరు ఎండిపోతోంది. లాలాజలం తగ్గితే బ్యాక్టీరియాకు పండగే. పైగా చీమిడి గొంతులోకి జారుతుంది. తియ్యటి సిరప్ తాగి అలాగే పడుకోవడం ఇంకొకటి.

పిల్లల డాక్టరమ్మ చెప్పినట్టు పడుకునే ముందు ముక్కులో సెలైన్ చుక్కలు వేశాం. సిరప్ తర్వాత నీళ్లతో పుక్కిలింత. బఠానీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో పొద్దున, రాత్రి బ్రష్. మూడేళ్లలోపు వాళ్లకైతే బియ్యం గింజంత చాలు. నాలుకను తడిపిన మెత్తటి గుడ్డతో పైపైన తుడిచేదాన్ని, లోపలిదాకా పోతే వాంతే. మౌత్‌వాష్ వద్దన్నారు, ఆరేళ్లలోపు పిల్లలు మింగేస్తారట. ముక్కు తెరుచుకున్నాక వాసన కూడా మెల్లగా పోయింది.

ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే మాత్రం జలుబు అనుకోకండి. శనగ గింజో, పూసో ఇరుక్కుని ఉండొచ్చు. పుల్లలు పెట్టి కెలక్కుండా వెంటనే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించండి.